రేడియేటర్ స్టాపు

తాతారావు గురించి చెప్పాలంటే ముందు నా గురించి ఒక సంగతి ఒప్పుకోవాలి. నాకు కోపం ఎక్కువ. గుడివాడలో మా నాన్నగారు లెక్కల మేష్టారు. తప్పు చేసినవాళ్ళను నిలబెట్టి కడిగేయడం మా ఇంట్లో చిన్నా పెద్దా అందరికీ అలవాటు. ఆ అలవాటుతోనే నేను తొంభై ఆరులో నాగాయలంక వైపు ఏఎన్ఎం ఉద్యోగానికి వచ్చాను. త్రిపురసుందరి అన్న నా పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. ఊళ్ళో అందరికీ నర్సమ్మగారినే.

సముద్రం పక్క పల్లెల్లో కడుపుతో ఉన్న ఆడవాళ్ళను చూసుకోవడం నా పని. ప్రతి గురువారం ఏడెనిమిది మందిని పోగుచేసి బందరు తీసుకెళ్ళేదాన్ని. లేడీ డాక్టరు, రక్తపరీక్ష, స్కానింగు, మా వాళ్ళకి అప్పట్లో అన్నీ అక్కడే. పొద్దున ఆరింటికి బస్సు. అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి మీదుగా రెండున్నర గంటల ప్రయాణం. ఆ బస్సుకి డ్రైవరు సీమోను, కండక్టరు తాతారావు.

తాతారావుది చేపలు పట్టే కుటుంబం. తండ్రీ అన్నలూ వేటకి వెళ్ళేవాళ్ళు. ఈయన మాత్రం పడవ ఎక్కితే చాలు, కడుపులో ఉన్నదంతా కక్కేసేవాడట. పదో తరగతి గట్టెక్కి ఈ ఉద్యోగంలో పడ్డాడు. "సముద్రం నన్ను వద్దందండీ, ఏం చేస్తాను" అని నవ్వేవాడు. సన్నగా, కాస్త ఒక పక్కకి వంగి నడిచే మనిషి. బస్సు నిండా జనం కిక్కిరిసి ఉన్నా గొంతు పెంచేవాడు కాదు. అలాంటి మెతక మనుషులను చూస్తే నాకు చిరాకు.

మొదటి గురువారమే మా ఇద్దరికీ పేచీ వచ్చింది. లెక్క చూసుకోవడానికి వీలుగా ఉంటుందని మా వాళ్ళందరినీ వెనక పొడుగు సీటులో కూర్చోబెట్టాను. ఆయన వచ్చి, "వీళ్ళనిక్కడ కూర్చోబెట్టకండి నర్సమ్మగారూ. గుంటలో పడ్డప్పుడల్లా ఈ సీటు జానెడు ఎగురుద్ది" అన్నాడు.

"నా వాళ్ళ సంగతి నాకు తెలుసు. మీరు టికెట్లు కొట్టుకోండి" అన్నాను.

ఆయన ఒక్కొక్కరినీ ఎన్నో నెలమ్మా అని అడిగి, తనే లేపి సీట్లు మార్చేశాడు. వేవిళ్ళవాళ్ళకి కిటికీ పక్క, అదీ కాలవ గాలి తగిలే వైపు. నెలలు నిండుతున్నవాళ్ళకి ముందు సీట్లు, కాళ్ళు చాపుకోవడానికి నడవ వైపు. చక్రాల మీద సీట్లలో మావాళ్ళెవరూ ఉండకూడదు. చేపల గంపలు లోపలికి రాకూడదు, టాపు మీదే. ఎవరి పాదాలైనా వాచి కనిపిస్తే తన టికెట్ల పెట్టెను తెచ్చి కాళ్ళ కింద పీటలా వేసేవాడు. ఆ రోజు బందరు వెళ్ళేలోపు ఒక్కరికి కూడా వాంతి కాలేదు. నేను మెచ్చుకోలేదు. కానీ ఆ తర్వాత ఎప్పుడూ వెనక సీటు మాట ఎత్తలేదు.

తొంభై ఏడు వేసవిలో కొండమ్మ నా చేతికి వచ్చింది. రెండో కాన్పు. మొగుడు పడవ మీద కూలి. నోరు పెద్దదే కానీ చెప్పిన మాట చెప్పినట్టు చేసే మనిషి. వాంతులు అంటే, లేవగానే మంచం దిగకముందే గుప్పెడు మరమరాలు నమలమన్నాను, కడుపు నిండా ఒకేసారి తినకుండా కొంచెం కొంచెం తినమన్నాను. సర్దుకుంది. తర్వాత గుండెల్లో మంట. తిన్న వెంటనే పడుకోవద్దు, తల కింద ఎత్తు పెట్టుకో అన్నాను. చేసింది. పిక్కలు పట్టేస్తున్నాయంటే, కాలివేళ్ళు పట్టుకుని మోకాలి వైపు మెల్లగా లాగడం ఆమె మొగుడికి నేనే చూపించాను. నడుంనొప్పికి ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకు పడుకోమన్నాను. ఇంట్లో రెండో దిండు లేకపోతే చిరిగిన వల చుట్టచుట్టి పాత చీరలో మూటకట్టి పెట్టుకుంది. ఆ తెలివికి నాకు ముచ్చటేసింది.

ఒక్క నీళ్ళ విషయంలో మాత్రం కొండమ్మా వినలేదు, మిగతావాళ్ళూ వినలేదు. అందరికీ మూత్రంలో మంట. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారేమో, మలబద్ధకం. డాక్టరమ్మ క్యూలో నిలబడితే కళ్ళు తిరగడం. నీళ్ళు బాగా తాగితే ఇందులో సగం ఉండవని నా గోల. బస్సు ఎక్కిన దగ్గర్నుంచి అదే ఉపన్యాసం. వాళ్ళు తలలూపేవాళ్ళు. ఒక గురువారం, మంచి ఎండల్లో, ఇద్దరు క్యూలోనే పడిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీకు చెవులున్నాయా లేవా? నా కోసం తాగమంటున్నానా? కడుపులో బిడ్డ మీదైనా జాలి లేదా మీకు?" అని ఆస్పత్రి వరండాలో అందరి ముందూ అరిచాను. కొండమ్మ నా వంక ఒకసారి చూసి, ముడి బిగించుకుని, పడిపోయినావిడ తల తన ఒళ్ళో పెట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో తాతారావు నా సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఒక మాట చెప్తాను, కోప్పడకండి. వాళ్ళు గురువారం పూట నీళ్ళు తాగరండీ. బుధవారం రాత్రి అన్నం తిన్నాక చుక్క ముట్టరు."

"ఎందుకని?"

"తాగితే ఎక్కడికెళ్తారండీ? తెల్లారకముందు చీకట్లో గట్టు వెనక్కి వెళ్ళొస్తారు. మళ్ళీ చీకటి పడితేనే. మధ్యలో బస్సు, క్యూ, మళ్ళీ బస్సు. మగాడైతే ఏ తుప్ప చాటుకో పోతాడు. కడుపుతో ఉన్న మనిషికి మామూలుకన్నా ఎక్కువసార్లు రావాలని మీరే చెప్తుంటారు కదండీ."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆస్పత్రిలో నర్సుల గది ఉంది. తెల్లకోటు వేసుకున్నాను కాబట్టి ఏడాదిగా నేరుగా అందులోకి వెళ్ళి వస్తున్నాను. నా వెనకున్న వాళ్ళు ఎక్కడికి వెళ్తున్నారన్న ఆలోచన ఒక్కసారి కూడా నాకు రాలేదు. పైగా జాలి లేదా అని అడిగాను.

"ఇదంతా మీకెలా తెలుసు?" అన్నాను చివరికి.

ఆయన చొక్కా పక్కకి జరిపి నడుం మీద కుట్ల మచ్చ చూపించాడు. "కండక్టర్లెవరూ తాగరండీ. ట్రిప్పు మధ్యలో దిగితే జనం ఊరుకోరు. అట్లా పదేళ్ళు తాగకపోతే కిడ్నీలో రాయి పుట్టింది. నడుంలో మొదలై పొత్తికడుపు దాకా లాగేది. పురిటినొప్పులు ఇట్టాగే ఉంటాయేమోనని మా ఆవిడతో అంటే తిట్టింది."

"ఇప్పుడు తాగుతున్నారు కదా?"

"ఆఁ, తాగమనే అన్నాడండీ డాక్టరు" అని, అవనిగడ్డ వస్తోందంటూ ముందుకి వెళ్ళిపోయాడు.

చల్లపల్లి దాటాక రోడ్డు వారనే సౌభాగ్యమ్మగారి ఇల్లు. ఆవిడ భర్త హెడ్మాస్టరుగా చేసి పోయారు. ఆవిడ ఒక్కతే ఉంటుంది, మడీ ఆచారం బాగా ఉన్న మనిషి. ఆ చుట్టుపక్కల పెరట్లో లెట్రిన్ గది, బావి, గచ్చు చేసిన స్నానాల గది ఉన్న ఇల్లు అదొక్కటే. ఆవిడ కంటి మందు చల్లపల్లిలో దొరక్కపోతే తాతారావే బందరు నుంచి తెచ్చిచ్చేవాడు. ఆ చనువుతో వెళ్ళి, గురువారాలు మా ఆడవాళ్ళని ఆ పెరట్లోకి రానివ్వమని అడిగాడు. నన్నూ వెంట రమ్మన్నాడు కానీ నోరు మెదపొద్దని మాట తీసుకున్నాడు.

"ఎవరు వాళ్ళు?" అంది ఆవిడ.

"మా వైపు వాళ్ళేనండీ. చేపలవాళ్ళు. అందరూ కడుపుతో ఉన్నోళ్ళు."

ఆవిడ చాలాసేపు బావి వైపు చూసింది. నాకు నాలుక దురద పెడుతోంది, మాటిచ్చాను కాబట్టి ఊరుకున్నాను. "నాకూ ముగ్గురు పుట్టారు నాయనా. ఆ ఆరాటం నాకూ తెలుసు" అంది ఆవిడ కాసేపటికి. "వీధి గుమ్మంలోంచి వద్దు. పెరటి తలుపు తీసి ఉంచుతాను. బకెట్టు వాళ్ళే తెచ్చుకోవాలి."

తర్వాతి గురువారం నుంచి బస్సు అక్కడ ఆగడం మొదలైంది. మిగతా ప్రయాణికులు అడిగితే ఏం చెప్పాలి? ఆ ఉపాయం సీమోనుది. బస్సు ఆపి, "రేడియేటరు కాగింది, నీళ్ళు పొయ్యాలి" అని బానెట్టు ఎత్తేవాడు. ఆ వంకన ఆడవాళ్ళు దిగి పెరటి వైపు నడిచేవాళ్ళు. తాతారావు పెరటి తలుపు పక్కన, ఇంటికి వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి నిలబడేవాడు. మగవాళ్ళెవరైనా కాళ్ళు సాగదీసుకుంటూ అటు రాబోతే, "ఇటు కాదండీ, కుక్క ఉంది" అనేవాడు. సౌభాగ్యమ్మగారి ఇంట్లో కుక్క లేదు. ఆఖరి మనిషి బస్సెక్కేదాకా ఆయన తల వెనక్కి తిప్పేవాడు కాదు. మొత్తం తొమ్మిది నిమిషాలు పట్టేది.

నెల తిరిగేసరికి మంటలు తగ్గాయి, క్యూలో పడిపోవడాలు ఆగాయి. ఒక్కొక్కరూ సీసాలో నీళ్ళు తెచ్చుకుని బస్సులోనే తాగుతుంటే నా కడుపు నిండిపోయేది. వానలు పడి పెరటి దారి బురదయ్యాక సౌభాగ్యమ్మగారు ఏమీ అనకుండా వీధి తలుపే తీసింది. తర్వాత ఎప్పుడో అరుగు మీద మజ్జిగ కడవ కూడా వచ్చింది. ఉప్పు సరిపోయిందా అని కొండమ్మనే అడిగేది.

ఆ బస్సులో రోజూ బందరు కోర్టుకి వెళ్ళే గుమాస్తా ఒకాయన ఉండేవాడు. రేడియేటరు గురువారాలు మాత్రమే ఎందుకు కాగుతోందని ఆయనకి సందేహం వచ్చింది. వచ్చిన సందేహాన్ని కాగితం మీద పెట్టి డిపోకి పంపాడు. వారం తిరక్కుండా తాతారావుకి మెమో వచ్చింది. స్టాపు లేని చోట ప్రతి గురువారం బస్సు ఎందుకు ఆపావు, సంజాయిషీ రాసివ్వు అని. తాతారావు రేడియేటరు అనే రాసిచ్చాడు. మెకానిక్కు వచ్చి చూసి రేడియేటరు లక్షణంగా ఉందన్నాడు. దాంతో బస్సు ఆపడం కన్నా అబద్ధం రాసివ్వడం పెద్ద తప్పయి కూర్చుంది. పైగా ఆ ఇంటికి మందులూ సామాన్లూ చేరవేస్తున్నాడని ఇంకొక మాట. ఎంక్వైరీ వేశారు. ఉద్యోగం పోయినా పోవచ్చన్నారు.

నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఉన్నది ఉన్నట్టు రాస్తే ఏం పోయింది మీకు?"

"ఆడవాళ్ళ సంగతి ఆఫీసు కాయితం మీద ఎట్లా రాస్తానండీ? అది పది చేతులు మారుద్ది. ఎవరెవరు దిగారో పేర్లు అడుగుతారు. టీ కొట్టు దగ్గర నవ్వుకుంటారు. వీళ్ళ ఇళ్ళల్లో మగాళ్ళ చెవిన పడితే గురువారం బందరు పంపటమే మానేస్తారండీ. అప్పుడు మీరు ఎవర్ని తీసుకెళ్తారు?"

ఆయన చెప్పింది నిజం. అదీగాక ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు, బడికి వెళ్తున్నారు. సముద్రం మీదకి వెళ్ళి బతికే మనిషి కాదు. రెండు రోజులు అన్నం సయించలేదు నాకు. మూడో రోజు పల్లెకి వెళ్ళి వాళ్ళకే చెప్పాను. కొండమ్మ విని, "ఏ రోజండీ?" అని మాత్రం అడిగింది.

ఎంక్వైరీ రోజున నా వెంట అయిదుగురు వచ్చారు. పదకొండింటికి డిపోకి రమ్మన్నారు. వరండాలో బల్ల మీద కూర్చుంటే పన్నెండయింది, ఒంటిగంటయింది. నేను నేర్పిన పాఠమే కదా, అందరూ సీసాల్లో నీళ్ళు తెచ్చుకుని తాగుతూ కూర్చున్నారు. ఒకావిడ మెల్లగా, "ఇంకెంతసేపండీ?" అంది. ఇంకాసేపే అన్నాను. లోపలికి పిలిచేసరికి రెండు కావస్తోంది.

గదిలో ఆఫీసరు, రాసుకునే గుమాస్తా, అటెండరు. ఒక మూల తాతారావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మమ్మల్ని చూసి ఆయన మొహం పాలిపోయింది. ఆఫీసరు చెడ్డమనిషిలా లేడు, విసిగిపోయి ఉన్నాడు. "చెప్పండమ్మా, బస్సు ఎందుకు ఆగేది?" అన్నాడు.

అయిదుగురి తలలూ ఒక్కసారి వాలిపోయాయి. దారి పొడుగునా చెప్పి తెచ్చిన మాటలు ఒక్కటీ బయటికి రాలేదు. నేనే అందుకుని, గర్భసంచి పెరిగి మూత్రాశయం మీద ఒత్తిడి పడుతుందనీ, పట్టి ఉంచితే ఇన్‌ఫెక్షను వస్తుందనీ చెప్పబోయాను. ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. ఫైలులోకి చూస్తూ, "అవన్నీ ఇక్కడ మాట్లాడే సంగతులు కాదు మేడమ్. రేడియేటరు సంగతి చెప్పండి" అన్నాడు.

అప్పుడు కొండమ్మ తలెత్తింది. ఎనిమిదో నెల. ఒక చెయ్యి నడుం మీద ఆనించి నిలబడి ఉంది.

"అయ్యగారండీ, పదకొండింటికాణ్ణుంచి కూకున్నామండీ. నేనిప్పుడు పక్కకెళ్ళాలి. ఈడ ఆడోళ్ళకి ఎటండీ?"

ఆఫీసరు అటెండరు వైపు చూశాడు. అటెండరు గుమాస్తా వైపు చూశాడు. వెనక ఒక రేకుల షెడ్డు ఉంది, తలుపు లేదు, అది మగవాళ్ళది. ఆ ముగ్గురికీ ఆ సంగతి తెలుసు.

"అయిదు నిమిషాల్లో అయిపోతుందమ్మా, కాస్త ఆగగలవా?" అన్నాడు ఆఫీసరు.

"నేనాగుతానండీ. లోపలున్నోడు ఆగనివ్వట్లేదండీ."

"నేనూ ఎల్లాలండీ" అంది ఇంకొకావిడ. మిగతా ముగ్గురూ లేచారు. ఆఫీసరు కుర్చీలోంచి లేచి, అటెండర్ని పిలిచి, వెనక తన క్వార్టర్సుకి పరిగెత్తి అమ్మగారికి చెప్పమన్నాడు. అయిదుగురూ వరసగా నడిచి వెళ్ళారు. తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి ఆఫీసరే తాతారావు వైపు తిరిగి, "నువ్వు ఆపింది తొమ్మిది నిమిషాలేనా?" అన్నాడు.

"అంతేనండీ. అలవాటైపోయింది వాళ్ళకి" అన్నాడు తాతారావు.

ఉద్యోగం నిలబడింది. తప్పుడు సంజాయిషీ ఇచ్చినందుకు ఒక ఇంక్రిమెంటు కోశారు. గురువారం మొదటి సర్వీసుకి ఆ ఇంటి దగ్గర పది నిమిషాల హాల్టు మంజూరు చేశారు. కారణం అన్న గడి దగ్గర ఆఫీసరు కలం కాసేపు ఆగింది. ఏం రాస్తాడా అని మెడ చాచి చూశాను. రేడియేటరు అని రాశాడు. నేను నోరు తెరవబోతే తాతారావు కళ్ళతోనే వద్దన్నాడు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు మండుతుంది. ఆ రూటులో అందరూ దాన్ని రేడియేటర్ స్టాపనే పిలిచారు.

తర్వాతి గురువారం బస్సు అక్కడ ఆగింది. ఆడవాళ్ళు దిగి వెళ్ళి వచ్చారు. నేను ఆఖర్న వస్తూ తాతారావు మొహం చూశాను. గేటు పక్కన ఎప్పటిలాగే రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు కానీ, చలికాలం పొద్దున చెమటలు కారుతున్నాయి. చెయ్యి నడుం మీద మచ్చ దగ్గర నొక్కి పెట్టుకున్నాడు.

"మళ్ళీ వచ్చిందా నొప్పి?"

"కొంచెమండీ. సర్దుకుంటది."

"పొద్దున్నించీ ఎన్ని నీళ్ళు తాగారు?"

ఆయన టికెట్ల బ్యాగు భుజం మీదకి సర్దుకున్నాడు. ఆరు నెలల నుంచి వారం వారం ఇక్కడే నిలబడుతున్నాడు, ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. అది నా కళ్ళ ముందే జరిగింది. ఊళ్ళో అందరూ ఎన్ని గ్లాసులు తాగారో అడిగిన నేను ఈ మనిషిని అడగలేదు.

"వెళ్ళచ్చు కదండీ మీరు కూడా" అన్నాను.

"బ్యాగు ఎవరి చేతిలో పెట్టి వెళ్తానండీ? అది వదిలితే మళ్ళీ ఒక మెమో" అని నవ్వబోయాడు. నొప్పికి నవ్వు సగంలోనే ఆగింది.

బస్సు మెట్టు మీద కాలు పెట్టిన కొండమ్మ ఆ మాట విని వెనక్కి దిగింది. నిండు కడుపుతో మెల్లగా నడిచి వచ్చి, ఆయన భుజం మీంచి టికెట్ల బ్యాగు తీసి తన మెళ్ళో వేసుకుంది. అది ఆమె కడుపు మీద కుదురుగా కూర్చుంది.

"ఎల్లిరా బావా" అంది.

"రూల్సు ఒప్పుకోవు కొండమ్మా."

"ఎల్లిరమ్మన్నానా? నీ బస్సు ఏడకీ పోదు."

సీమోను ఇంజను ఆపేశాడు. సౌభాగ్యమ్మగారు అరుగు మీంచి దిగి వచ్చి తలుపు బార్లా తెరిచి పట్టుకుంది. తాతారావు చెప్పులు గేటు దగ్గర విడిచి, తల వంచుకుని లోపలికి వెళ్ళాడు. కిటికీలోంచి కోర్టు గుమాస్తా వాచీ చూసుకున్నాడు. కొండమ్మ ఆయన్ని చూసి, "మీరు టికెట్టు తీసుకున్నారా అండీ?" అని అడిగింది. ఆయన వాచీ మీదకి చొక్కా చెయ్యి లాక్కున్నాడు.

అప్పటికే బస్సెక్కి కూర్చున్న మిగతావాళ్ళు ఒక్కొక్కరూ దిగి వచ్చారు. ఎవరూ చెప్పకుండానే గేటు ముందు వరసగా, ఇంటికి వీపులు పెట్టి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. నేనూ వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడ్డాను. ఆయన బయటికి వచ్చేదాకా మాలో ఒక్కరూ తల వెనక్కి తిప్పలేదు.